బ్రాంప్టన్‌లో బల్లిపాటు

కెనడా వచ్చిన మనవాళ్ళలో మంచు మీద జారి నడుము విరగ్గొట్టుకున్నవాళ్ళున్నారు. తప్పు బస్సెక్కి, ఊరి చివర గోడౌన్ల దగ్గర దిగి, ఏడుస్తూ ఇంటికి ఫోన్ చేసినవాళ్ళున్నారు. మిరపకాయ బజ్జీల పొగతో ఫైర్ ఇంజన్‌ను ఇంటికి రప్పించుకున్నవాళ్ళున్నారు. వాళ్ళందరికీ నా నమస్కారం. కానీ బయట మైనస్ ఇరవై చలి పెట్టుకుని, ఎడారి బల్లిని నెత్తికెక్కించుకుని, దాని దోష నివారణ కోసం ఊరందరి ముందూ పరువు పోగొట్టుకున్న మొనగాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. ఆ మహానుభావుణ్ణి నేనే. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు నవ్వే పరిస్థితి లేదు కాబట్టి ఇప్పుడు మీతో పాటు నేనూ నవ్వుతాను.

అవి మన పిల్లలు విమానాల నిండా వచ్చి దిగుతున్న రోజులు. క్లాసులో కూర్చుని తల తిప్పితే ఒకపక్క గుంటూరు, ఇంకోపక్క కరీంనగర్. కాలేజీలో సీటు దొరకడం తేలిక. పార్ట్‌టైమ్ జాబ్ దొరకడం కష్టం. రూమ్ దొరకడం మాత్రం పూర్వజన్మ సుకృతం. "బేస్‌మెంట్‌లో ఒక రూమ్ ఖాళీ" అని వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పెడితే, మనం దాన్ని చదవడం పూర్తి చేసేలోపే కింద "అయిపోయింది" అని వచ్చేసేది. పెళ్ళిసంబంధాలు కూడా అంత వేగంగా కుదరవు.

అలాంటి కరువు కాలంలో నాకు సుబ్బారావు అంకుల్ గారి బేస్‌మెంట్ దొరికింది. కింద రెండు గదులు. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో నాకంటే ఏడాది ముందొచ్చిన వరంగల్ ప్రవీణ్. కిటికీ ఉంది. హీటర్ నిజంగానే పనిచేస్తుంది. ఎండుచేపలు వేయించినా పైనుంచి ఎవరూ కాలితో నేలను తన్నరు, ఎందుకంటే పైనున్నవాళ్ళూ వేయించేవాళ్ళే. బస్టాపు గుమ్మం ముందే. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

ఆ సుఖానికి డిసెంబరులో ఎసరొచ్చింది. అంకుల్ గారి భార్య విజయలక్ష్మి ఆంటీ ఒకరోజు మెట్ల మీద నిలబడి కబురు చల్లగా చెప్పారు.

"చూడు చందూ, మా రాజమండ్రి పిన్ని మనవడు ఇక్కడి కాలేజీ జనవరి ఇన్‌టేక్‌కి వస్తున్నాడు. అయినవాళ్ళు కదా, కాదనలేను. ప్రవీణ్ పాతవాడు. కాబట్టి నువ్వే ఇంకో రూమ్ చూసుకోవాలి నాన్నా."

జనవరిలో రూమా? ఇసుకలో నూనె పిండడం దానికంటే నయం. వారం రోజులు కాళ్ళరిగేలా తిరిగాను. మిస్సిసాగాలో ఒకాయన తన వాషింగ్ మెషిన్ పక్కన పరుపేసుకోవచ్చన్నాడు, కానీ మెషిన్ నడిచేటప్పుడు లేచి నిలబడాలట. చివరికి సిగ్గు విడిచి అంకుల్ కాళ్ళమీద పడ్డంత పని చేశాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అన్నారు.

"నువ్వు నాకొక పని చేసిపెట్టు. ఆదివారం వాటర్లూలో మా అమ్మాయికి సీమంతం. రెండు రోజులుంటాం. పండుని ఈ చలిలో తీసుకెళ్ళలేను. నువ్వు వాణ్ణి జాగ్రత్తగా చూసుకో, మీ ఆంటీ సంగతి నేను చూసుకుంటా."

పండు అంటే మనవడనుకునేరు. బల్లి. అంకుల్ కెనడాకి రాకముందు చాలా ఏళ్ళు అమెరికాలో, అరిజోనా ఎడారి పక్కన, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశారు. అక్కడి ఇంటి వెనక తిరిగే ఒక జాతి బల్లి మీద మనసు పారేసుకున్నారు. ఇక్కడికొచ్చాక అలాంటిదాన్నే సంపాదించి, హాల్లో పెద్ద గాజుపెట్టె కట్టించి, ఇసుక పోసి, రాళ్ళు పేర్చి, పైన ఎండలా కాసే లైటు బిగించారు. బయట ఊరంతా గడ్డకట్టి ఉంటే ఆ పెట్టెలో మాత్రం రోహిణికార్తె.

ఒళ్ళంతా ఇసుక రంగు, పైన చుక్కలు. అసలు అందమంతా తోకలో ఉంది. కిందివైపు తెల్లగా, నల్లటి పట్టీలతో ఉంటుంది. ఎవరైనా దగ్గరికొస్తే ఆ తోకను వీపు మీదికి చుట్టి అటూ ఇటూ ఊపుతుంది. ఇక పరుగందుకుందంటే ముందుకాళ్ళు లేపి వెనకకాళ్ళ మీదే ఉరుకుతుంది. బల్లి కనపడదు, గీత కనపడుతుంది. దాన్ని చూసి అంకుల్ మురిసిపోతుంటే ఆంటీ ఒళ్ళు మండిపోయేది.

"దేవుడి గది ఎదురుగా తొండని పెట్టుకున్న మనిషిని నేనెక్కడా చూళ్ళేదు."

"తొండ కాదే. జీబ్రా టెయిల్డ్ లిజర్డ్ అంటారు."

"ఇంగ్లీషు పేరు పెడితే తొండ అల్లుడైపోతుందా?"

సరే, అంకుల్ పని చెప్పగానే నేను ఛాతీ విరుచుకున్నాను. "అంకుల్, మాది నరసరావుపేట. మా ఇంట్లో ట్యూబ్‌లైటుకి రెండు బల్లులు. వాటిని చూస్తూనే అన్నం తిన్నాను. బల్లుల గురించి నాకా చెప్తారు?"

అయినా ఆయన చెప్పారు. పొద్దున్నే లైటు వెయ్యాలి, డబ్బాలో ఉన్న పురుగులు పెట్టాలి, మూత పూర్తిగా తీయకూడదు, తోక జోలికి అస్సలు పోకూడదు. ఇసుక గురించి కూడా ఏదో చెప్పారు. అప్పటికే నేను 'సరే అంకుల్' అనడంలో పూర్తిగా మునిగిపోయి ఉన్నాను. నా ఆలోచనంతా నా కిటికీ మీద, నా హీటరు మీద ఉంది. మాట వినడానికి చెవులుంటే చాలదని పెద్దలు ఊరికే అనలేదు.

శనివారం వాళ్ళు బయలుదేరారు. ఆ రోజు పండు బాగానే తిన్నాడు, తోక ఊపాడు, నన్ను ఎగాదిగా చూశాడు. ఆదివారం పొద్దున నేను కాస్త ఆలస్యంగా లేచి పైకెళ్ళి చూద్దును కదా, పెట్టెలో ఇసుకుంది, రాళ్ళున్నాయి, పండు లేడు.

"ప్రవీణూ! ఒరేయ్, పైకి రారా! బల్లి లేదు!"

ప్రవీణ్ బ్రష్ నోట్లో పెట్టుకునే వచ్చాడు. పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "ఏడికి పోతదన్నా? మూత పెట్టే ఉన్నది గదా. నువ్వు రాత్రి సరిగ్గ పెట్టలేదేమో."

"పెట్టానురా. నా చేత్తో పెట్టాను."

"గట్లయితే ఇసుకల ఉన్నదేమో. తవ్వి చూడరాదూ?"

సలహా ఇచ్చినవాడి సొమ్మేం పోయింది? నేను ముందు లైటు వేశాను, చీకట్లో వెతకడమెందుకని. కాఫీ తాగొచ్చాను. ఈలోపు ఇసుక వెచ్చబడుతోందనీ, ఇసుకతో పాటు లోపలున్న శాల్తీకి కూడా హుషారొస్తోందనీ నాకేం తెలుసు? ఆంటీ వంటగదిలోంచి అన్నం వడ్డించే హస్తం తెచ్చి, మూత మొత్తం తీసి పక్కన పెట్టి, అప్పడాల పిండి కలిపినంత శ్రద్ధగా తవ్వడం మొదలుపెట్టాను. చలికి ఆ జాతి ఇసుకలో దూరి నిద్రపోతుందట. అంకుల్ ఇసుక గురించి చెప్పింది అదేనట. తర్వాత తెలిసింది లెండి.

మూడో మూల తవ్వానో లేదో, ఇసుక పేలింది. పండు హస్తం మీదికి, హస్తం మీంచి నా చేతి మీదికి, చేతి మీంచి భుజం మీదికి, అక్కణ్ణుంచి సరాసరి నా నడినెత్తి మీదికి. అక్కడ ఆగాడు. ఆగి, తోక పైకెత్తి, ఊపాడు. కొండెక్కి జెండా పాతినవాడి దర్జా. నేను రాయిలా బిగుసుకుపోయాను.

"అన్నా, కదలకు! నీ నెత్తి మీదున్నది!"

"తెలుసురా! తియ్యరా!"

"నేనా? నాకు బల్లులంటే భయం. నీకైతే ట్యూబ్‌లైటు అనుభవముంది గదా!"

ఈ మాటకు పండు విసుగెత్తినట్టున్నాడు. నెత్తి మీంచి సోఫా మీదికి, సోఫా మీంచి కర్టెన్ మీదికి, కర్టెన్ మీంచి నేల మీదికి. నేను వెనకాల. హాల్లో మూడు చుట్లు తిరిగాం. ముందు బల్లి, వెనక నేను, నా వెనక బ్రష్ నోట్లో పెట్టుకుని "అటు బోయింది, ఇటు బోయింది" అని ప్రవీణ్. బేస్‌మెంట్ మెట్ల దగ్గర పండు ఒక్క క్షణం తటపటాయించాడు. అదే అదననుకుని నేను పులిలా దూకి పట్టేశాను.

"దొరికిందా అన్నా?"

పిడికిలి తెరిచి చూసుకున్నాను. "సగం దొరికిందిరా."

అరచేతిలో తోక ఒక్కటే ఉంది. చారలతో, నిగనిగలాడుతూ, ఇంకా ఊగుతోంది. మిగతా పండు మెట్లు దిగి ఎటో పోయాడు. ప్రవీణ్ బ్రష్ కింద పడేసి చేతులు జోడించాడు.  నాకు ఒకపక్క పాపం ఆ ప్రాణికి ఏమైందోనన్న భయం, ఇంకోపక్క వాషింగ్ మెషిన్ పక్కన పరుపు. మెషిన్ గిర్రున తిరుగుతుంటే నేను లేచి నిలబడ్డట్టు కళ్ళకు కట్టింది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. వీడియో కాల్. సుబ్బారావు అంకుల్.

"ఎత్తకన్నా," అన్నాడు ప్రవీణ్.

"ఎత్తకపోతే అనుమానం రాదూ?"

భయం మనిషి చేత ఏ పనైనా చేయిస్తుంది. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. అయినా మీ దగ్గర దాపరికమేం? పరిగెత్తి వెళ్ళి ఆ తోకని పెట్టెలో ఇసుకలో గుచ్చాను. ఒక రాయి పక్కన, సగం లోపలికి, సగం పైకి, అందంగా. అప్పుడు ఫోన్ ఎత్తాను. అంకుల్ పట్టుపంచెలో, నుదుట బొట్టుతో మెరిసిపోతున్నారు. వెనక సన్నాయి పాట.

"ఏరా చందూ, పండేం చేస్తున్నాడు?"

"పడుకున్నాడంకుల్. ఇదిగో చూడండి."

ఫోన్ పెట్టె వైపు తిప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "అదిగో తోక! దొంగవెధవ, పొద్దెక్కినా నిద్రే. తోక బయటపెట్టి పడుకోవడం ఎప్పుడూ లేదే."

"కొత్తగా నేర్చుకున్నాడంకుల్."

"ఏదీ, గాజు మీద ఒక్కసారి తట్టు. తోక ఊపుతాడు, మా బావగారికి చూపిస్తాను."

 పక్కనుంచి ప్రవీణ్ మెల్లగా చెయ్యి పెట్టెలోకి పోనిచ్చి, కెమెరాకి కనబడకుండా, చిటికెన వేలితో తోకను అటూ ఇటూ కదిపాడు. బల్లులంటే భయమన్నవాడు! స్నేహితుడంటే వాడండీ. అవతల బావగారు "భలే, భలే" అంటున్నారు. ఇంతలో ఆంటీ గొంతు వినిపించింది. "అక్కడ గాజులు తొడుగుతుంటే మీరిక్కడ తొండ తోక చూస్తున్నారా? రండి!" ఫోన్ ఆగిపోయింది. 

ఇక్కడితో ఆగి, బుద్ధిగా వెతుక్కుని ఉంటే ఈ కథ మీదాకా వచ్చేది కాదు. కానీ ప్రవీణ్ ఒక మాట అన్నాడు.

"అన్నా, ఒకటి చెప్పనా, ఏమనుకోవుగా? బల్లి నెత్తి మీద పడితే మంచిది కాదంటరు. మా అమ్మమ్మ చెప్తుండె. పక్కకు పడితే కొట్లాట, నడినెత్తిన పడితే ప్రాణగండం."

నేను నవ్వాను. మాస్టర్స్ చదువుతున్నాను, కంప్యూటర్లకు తెలివి నేర్పే కోర్సు, ఇలాంటివి నమ్ముతానా? నమ్మనని వాడికి గట్టిగా చెప్పి, చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్ళి, గుమ్మం ముందు మంచు మీద వెల్లకిలా పడ్డాను. లేచేసరికి ఫోన్‌లో మెసేజ్: వచ్చేవారం పార్ట్‌టైమ్ జాబ్‌లో నా షిఫ్టులు రద్దు. లోపలికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. నమ్మను గానీ, అడిగితే తప్పేముంది?

"ఏం పడిందిరా, బల్లా, తొండా?" అమ్మ ముందే పంచాంగం అందుకున్నట్టుంది, కాగితాల చప్పుడు వినబడుతోంది.

"రెంటికీ మధ్యలో ఉందమ్మా."

"అలా ఉండదురా. బల్లి అయితే పడాలి, తొండ అయితే ఎక్కాలి. నీదేం చేసింది?"

"ఎక్కింది, ఆగింది, తోక ఊపింది, దూకింది."

 "నెత్తి మీద ఆగిందా? ఓరి నాయనో! నడినెత్తా? వెంటనే తలస్నానం చెయ్యి. దీపం పెట్టు. ఒరేయ్, నిన్ను కంచి తీసుకెళ్ళి ఆ బంగారు బల్లిని ముట్టిద్దామని మీ నాన్నకు ఎన్నిసార్లు చెప్పానో. వింటేగా!"

"ఇప్పుడు కంచి ఎలా వెళ్ళనమ్మా?"

"వెళ్ళక్కర్లేదు. కంచి బల్లిని ముట్టుకున్నవాళ్ళని ముట్టుకుంటే చాలు, దోషం పోతుంది. అక్కడ మనవాళ్ళు లేరా? సాయంత్రంలోపు ముట్టుకో. మళ్ళీ ఫోన్ చెయ్యి."

ప్రవీణ్‌ని చూశాను. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను ముట్టలే అన్నా. మేం కంచికి పోయినప్పుడు లైను పెద్దగుందని బస్సులనే పడుకున్న."

తలస్నానం చేశాను. దీపం పెట్టాను. ఇల్లంతా గాలించాను, మంచాల కింద, బూట్లలో, బియ్యం బస్తాలో కూడా. పండు లేడు. ప్రాణగండం, రూమ్‌గండం రెండూ ఒకేసారి మీదికొస్తే బుర్ర పనిచేస్తుందా? తల ఆరీ ఆరకముందే, అవసరానికి ఆదుకునే ఆ పెద్ద వాట్సాప్ గ్రూపు తెరిచాను. బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో ఉన్న మన విద్యార్థులు, ఇళ్ళవాళ్ళు, ఇండియా నుంచి రాబోయేవాళ్ళు, అందరూ అందులోనే. ఇలా పెట్టాను:

"కంచి బంగారు బల్లిని ముట్టుకున్నవాళ్ళు బ్రాంప్టన్‌లో ఎవరైనా ఉన్నారా? బల్లి నెత్తి మీద పడింది. ఒక్కసారి ముట్టుకుని వెళ్ళిపోతాను. చాలా అర్జెంట్."

జవాబులు జడివానలా కురిశాయి. ఒకడు, "అన్నా, కంచి పట్టుచీరని ముట్టుకున్నాను, పర్లేదా?" ఇంకొకడు, "బ్రాంప్టన్ టు వాటర్లూ రైడ్ ఉంది, రెండు సీట్లు." వాడికి సందర్భంతో పనిలేదు, పెళ్ళిలోనూ అదే పెడతాడు, చావులోనూ అదే పెడతాడు. మరొకామె, "మా అత్తగారు ముట్టుకున్నారు, కానీ ఆవిణ్ణి ముట్టుకుంటే అంతకంటే పెద్ద దోషం." నేను కూడా కాస్త నవ్వాను. అప్పుడు వచ్చిందండీ అసలు మెసేజ్.

"నేను ముట్టుకున్నాను నాన్నా. రెండుసార్లు. ఇంతకీ ఈ దేశంలో, ఈ చలికాలంలో నీకు బల్లి ఎక్కడ దొరికింది?"

పంపినవారు విజయలక్ష్మి ఆంటీ.

ఆ గ్రూపు పెట్టిందే ఆవిడ. నాకు రూమ్ దొరికిందే ఆ గ్రూపులో. ఆ సంగతి మర్చిపోయిన నా బుర్ర ఏ కంచి బల్లిని ముట్టుకున్నా బాగుపడదు. ఇంకో సంగతి కూడా అప్పుడే వెలిగింది. నరసరావుపేటలో నెత్తి మీద బల్లి పడిందంటే అది ఎవరి ఇంటి బల్లైనా కావొచ్చు. ఊరంతా గడ్డకట్టిన బ్రాంప్టన్‌లో, గోడ మీద చీమైనా కనిపించని చోట, నెత్తి మీద బల్లి పడిందన్నానంటే అది ఎవరిదో కనుక్కోవడానికి పోలీసులు రానక్కర్లేదు. ఊళ్ళో ఉన్నదే ఒక్క బల్లి. దాని అడ్రసు ఆంటీ గారి హాలు.

ఫోన్ మోగింది. ఈసారి అంకుల్ గొంతులో సన్నాయి లేదు.

"పండేడిరా?"

"అంకుల్, అదీ..."

"తోక ఊపాడు కదరా! పొద్దున చూశాను కదా!"

ఊపింది ప్రవీణ్ చిటికెన వేలని ఎలా చెప్పను?  ఆయన "వస్తున్నాం" అన్నారు, అంతే. సీమంతం భోజనాలు కూడా కానిచ్చారో లేదో. బయట మంచు పడుతోంది, నాలుగొందల ఒకటో హైవే మీద బండ్లు చీమల బారులా కదులుతున్నాయని ప్రవీణ్ ఫోన్‌లో చూసి చెప్పాడు. మాకు కాస్త టైముంది.

"అన్నా, ఇట్ల ఆలోచించు," అన్నాడు ప్రవీణ్. "అది ఎడారిది. దానికి ఎండ గావాలె. ఇల్లంత వెచ్చగుంటే ఏ మూలనన్న ఉంటది. హీటర్ బంద్ జేసి, గా ఎండ లైటొక్కటి ఇంటి నడుమ పెడ్దాం. చలికి ఆగలేక అదే వస్తది."

ఆ రోజు వాడు ఇచ్చిన సలహాల్లో ఇదొక్కటే పనికొచ్చింది. హీటర్ ఆపేశాం. హాలు మధ్యలో పళ్ళెంలో ఇసుక పోసి లైటు పెట్టాం. జాకెట్లు, టోపీలు, చేతి తొడుగులు వేసుకుని చెరొక మూలా కూర్చున్నాం. గంట గడిచేసరికి నోట్లోంచి పొగలొస్తున్నాయి. పండు రాలేదు. బయట మాత్రం కారు వచ్చి ఆగిన చప్పుడయింది.

అంకుల్ పట్టుపంచె మీద జాకెట్ వేసుకుని లోపలికొచ్చారు. వెనక ఆంటీ, పట్టుచీర, శాలువా, చెవుల మీదికి మంకీ క్యాప్. గుమ్మంలో అడుగు పెట్టగానే ఇద్దరూ ఆగిపోయారు.

"ఇల్లేంటి శ్మశానంలా ఉంది?" అన్నారు ఆంటీ.

"ఆంటీ, చెప్తాను, ముందు..."

నా మాట పూర్తి కాలేదు. మెట్లెక్కి ఎప్పుడొచ్చిందో, కర్టెన్ రాడ్ మీంచి ఏదో జారింది. ఇల్లంతటిలో అప్పుడే కారు హీటర్లోంచి దిగి, ఉన్ని టోపీలో వెచ్చవెచ్చగా వచ్చిన నెత్తి ఒక్కటే ఉంది. పండు సూటిగా వెళ్ళి ఆంటీ మంకీ క్యాప్ మీద వాలాడు. నేను కళ్ళు మూసుకున్నాను. అరుపు వినబడుతుందనుకున్నాను. వినబడలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆంటీ ధ్వజస్తంభంలా నిలబడి ఉన్నారు.

"ఎవరూ కంగారుపడకండి," అన్నారు, పెదవులు మాత్రమే కదిలిస్తూ. "నాకేం కాదు. నేను కంచి బల్లిని ముట్టుకున్నదాన్ని. ఏవండీ, తీయండి దీన్ని."

అంకుల్ రెండు చేతులతో మెల్లగా పండుని తీసుకున్నారు. తిప్పి చూశారు. వెనక వైపు చూశారు. మళ్ళీ ముందు వైపు చూశారు, ఏమైనా పొరపాటేమోనని. నేను గాజుపెట్టె దగ్గరికెళ్ళి, ఇసుకలోంచి తోక పీకి, తెచ్చి, ఆయన పక్కన బల్ల మీద పెట్టాను. ఆయన తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. పండుని గుండెకి ఆనించుకుని, "నొప్పెట్టిందా నాన్నా?" అన్నారు. నాకు నిజంగానే ఏడుపొచ్చేసింది. రూమ్ కోసం కాదు, ఒట్టు.

"సారీ అంకుల్," అన్నాను. "నేను రేపే ఖాళీ చేసేస్తాను."

ఆంటీ మంకీ క్యాప్ తీసి నా దగ్గరికొచ్చారు. తల వంచుకున్నాను. ఆవిడ అరచెయ్యి నా నెత్తి మీద పెట్టి గట్టిగా ఒక్క మొట్టికాయలాంటి దీవెన ఇచ్చారు.

"ఇదిగో, ముట్టుకున్నాను. నీ దోషం పోయింది. మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పు, కంగారుపడుతుంటుంది. ఇక నీ రూమ్ సంగతంటావా..."

అంతలో ఆవిడ ఫోన్ మోగింది. రాజమండ్రి పిన్నిగారు. ఆంటీ చలికి మొద్దుబారిన వేళ్ళతో పొరపాటున స్పీకర్ నొక్కేశారు. పిన్నిగారి గొంతు ఇల్లంతా మారుమోగింది.

"ఏమే విజయా, మీ ఇంట్లో నెత్తి మీద బల్లులు పడతాయటగా! మావాడు మీ గ్రూపులో ముందే చేరాడుగా, పెట్టింది మీ కింద రూమ్ కుర్రాడేనని చదివి నాకు చూపించాడు. అసలే వాడి జాతకంలో ఈ ఏడు ప్రాణగండం ఉంది. వాణ్ణి మీ ఇంట్లో ఉంచనమ్మా. ఏమనుకోకు. స్కార్‌బరోలో ఎవరో స్నేహితుడున్నాడట."

"అది కాదు పిన్నీ, బల్లి ఒక్కటే, అదీ పెట్టెలో..."

"పెట్టెలో పెట్టి మరీ పెంచుతున్నారా?" అని పిన్నిగారు ఫోన్ పెట్టేశారు.

 ప్రవీణ్ మెల్లగా వెళ్ళి హీటర్ వేశాడు. ఆంటీ నన్ను చూశారు. అంకుల్‌ని చూశారు. అంకుల్ చేతిలో మొండితోక పండుని చూశారు. ఆవిడ ముఖంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. ఇన్నేళ్ళుగా దేవుడి గదిలో మొక్కుకుంటున్నది ఏదో చేతికందినవాళ్ళ ముఖంలో కనిపించే వెలుగు.

"సరే చందూ, నీ రూమ్ నీదే. ఎన్నాళ్ళైనా ఉండు," అన్నారు.

నేను ఆవిడ కాళ్ళకు దండం పెట్టబోయాను.

"ఆగు, పూర్తిగా విను. ఆ గాజుపెట్టె కూడా నీ రూమ్‌లోనే ఉంటుంది. ఇవాళే దించండి. నువ్వున్నన్నాళ్ళూ ఆ తొండ నీతోనే."

అంకుల్ ఆ మాటకు మొదట గొణిగినా, తర్వాత ఆయనకే లాభమైంది. రోజూ సాయంత్రం టీ కప్పుతో నా రూమ్‌లోకి దిగి, నా మంచం మీద కూర్చుని, పండుతో అరిజోనా కబుర్లు చెప్పుకునేవారు. మధ్యలో నేను పుస్తకం తిరగేస్తే, "మెల్లగారా, వాడు పడుకున్నాడు" అని నన్నే కసిరేవారు. పండుకి తోక మళ్ళీ కాస్త మొలిచింది గానీ, పొట్టిది, మసకది, చారల్లేవు. నన్ను చూసినప్పుడల్లా దాన్నే వీపు మీదికి చుట్టడానికి తెగ కష్టపడేవాడు. అది చూస్తే నవ్వొచ్చేది, వెంటనే సిగ్గేసేది. నా చదువు పూర్తయ్యేదాకా మేమిద్దరం ఒకే రూమ్‌లో కాపురం చేశాం.

కాబట్టి, ఇందుమూలంగా, మంచులో మునిగిన బ్రాంప్టన్ సాక్షిగా, నాలుగొందల ఒకటి హైవే సాక్షిగా, నేను చేయు ప్రతిజ్ఞ ఏమనగా: ఇకముందు నా నెత్తి మీద బల్లి కాదు కదా, మొసలి వచ్చి కూర్చున్నా సరే, ఆ సంగతి గ్రూపులో పెట్టను. పెట్టక తప్పదనుకుంటే, ముందు ఆ గ్రూపు ఎవరిదో చూసుకుంటాను. ఆ తర్వాత ఆ మొసలి ఎవరిదో కూడా కనుక్కుంటాను.